ఈత సాధనను మధ్యలో ఆపాలనిపించినప్పుడు: కారణం గుర్తించి నిర్ణయం తీసుకునే విధానం

పిల్లల ఈత శిక్షణలో ఎవరు ఎప్పుడు ఆపాలో ఒడ్డున నిలబడ్డ కోచ్ చూసుకుంటారు. పెద్దయ్యాక సొంతంగా ఈత కొట్టేవారికి ఆ వెసులుబాటు ఉండదు. ఎంతసేపు ఈదాలో, ఎక్కడ ఆపాలో వారే తేల్చుకోవాలి. అదీ గోడ పట్టుకొని రొప్పుతూ ఉన్నప్పుడు, నిదానంగా ఆలోచించే ఓపిక లేని సమయంలో తేల్చుకోవాలి. అందుకే వెంటనే ఆపవలసిన రోజున పట్టుదలకు పోవడం, రెండు నిమిషాల్లో సరిచేసుకోగల ఇబ్బందికి ఇంటిదారి పట్టడం, రెండూ తరచుగా జరుగుతుంటాయి.

ఇక చాలనిపించిన వెంటనే నిచ్చెన వైపు వెళ్ళకుండా, ఇతరులకు అడ్డురాకుండా లేన్ మూలకు జరిగి, గోడ పట్టుకొని ఒక నిమిషం ఊపిరి కుదుటపడనివ్వండి. సరిగ్గా ఏది ఇబ్బంది పెడుతోందని ఆ నిమిషంలో మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. అలసిపోయానన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు. ఊపిరి అందకపోవడమా, భుజం నొప్పా, పిక్క పట్టేయడమా, చలా, ఆకలా, విసుగా అన్నది తేలితేనే తరువాత ఏమి చేయాలో తెలుస్తుంది.

ఆలోచించకుండా బయటికి రావలసిన సందర్భాలు

కొన్ని లక్షణాలకు ఆ ఒక్క నిమిషం కూడా ఇవ్వకూడదు. ఛాతీలో నొప్పి లేదా బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, గుండె లయ తప్పి కొట్టుకోవడం, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే వెంటనే లైఫ్‌గార్డ్‌ను పిలిచి, వారి సాయంతో నీటి నుంచి బయటికి రావాలి. సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా బట్టలు మార్చుకునే గదిలోకి ఒంటరిగా వెళ్ళడం అన్నిటికంటే ప్రమాదకరమైన పని, ఎందుకంటే అక్కడ పడిపోతే చూసేవారుండరు. ఇన్సులిన్ వాడేవారికి వణుకు, చెమట, తికమక కలిగితే అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు కాబట్టి, వారు తీపి పదార్థాన్ని ఒడ్డునే, చేతికి అందేలా ఉంచుకోవాలి.

ఈతగాళ్ళలో చాలామంది వినని సమస్య మరొకటి ఉంది. చేసిన శ్రమకు మించిన ఆయాసం, విడవని దగ్గు, నురగతోనో గులాబి రంగుతోనో కూడిన కఫం కనిపిస్తే ఊపిరితిత్తుల్లోకి ద్రవం చేరుతున్నదని అనుమానించాలి. నీటి ఒత్తిడికి కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు తరలడం, చల్లని నీటికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడం, వాటికి తోడు శ్రమ పెరగడం వల్ల ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ఇలా జరుగుతుంది. ఇది నీరు మింగడం వల్ల వచ్చేది కాదు. బయటికి వచ్చి, కూర్చొని, వెచ్చగా ఉంటూ వైద్య సహాయం తీసుకోవాలి. కాసేపటికి తగ్గినా వైద్యుణ్ణి కలవకుండా మళ్ళీ నీటిలోకి దిగకూడదు.

ఆరుబయట కొలనులో ఉరుము వినిపిస్తే సాధన ముగిసినట్లే. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా నీటికి దూరంగా ఉండాలి.

ఊపిరి అందకపోవడం

ఆలస్యంగా ఈత నేర్చుకున్నవారిని ఎక్కువగా ఒడ్డు ఎక్కించేది ఇదే. పరుగులో గంట నిలబడగలిగినవారు కూడా ఫ్రీస్టైల్‌లో (బోర్లా ఉండి చేతులను ఒకదాని తరువాత ఒకటి తిప్పే ఈతలో) రెండు లెంగ్త్‌లకే (కొలను ఒక చివర నుంచి మరో చివరకు ఈదితే ఒక లెంగ్త్) రొప్పడం చూసి, తమకు దమ్ము చాలదని నిరుత్సాహపడుతుంటారు. నిజానికి లోపం ఎక్కువగా ఊపిరి వదలడంలో ఉంటుంది. ముఖం నీటిలో ఉన్నంతసేపూ గాలిని బిగబట్టి, తల తిప్పిన ఆ కొద్ది వ్యవధిలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోతే, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న ఆరాటాన్ని ప్రధానంగా కలిగించేది ఆ వాయువే కాబట్టి, ఆక్సిజన్ సరిపడా ఉన్నా ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్లు అనిపిస్తుంది.

గోడ దగ్గరే దీన్ని సరిచేసుకోవచ్చు. ముఖం నీటిలో ముంచి, ముక్కుతో, నోటితో సన్నని బుడగలు ఆగకుండా వచ్చేలా గాలి వదలండి. తల పక్కకు తిప్పి పీల్చడం మాత్రమే చేయండి. ఇలా పదిసార్లు చేసి, అదే లయతో ఒక లెంగ్త్ నిదానంగా ఈదండి. ఆయాసం తగ్గితే ఇంటికి వెళ్ళవలసిన కారణం లేదు. కొన్ని నిమిషాల విశ్రాంతి తరువాత కూడా తగ్గకపోతే అది పైన చెప్పిన ప్రమాద లక్షణాల్లోకి వస్తుంది.

ఆయాసానికి రెండో కారణం ఆరంభ వేగం. నీటి చల్లదనం వల్ల మొదటి లెంగ్త్‌లలో శ్రమ తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. మొదటి 200 మీటర్లు, మరీ నెమ్మదిగా వెళ్తున్నామే అనిపించేంత నెమ్మదిగా ఈదండి. దీనికి తోడు చాలామంది కాళ్ళను అతిగా ఆడిస్తారు. తొడ కండరాలు పెద్దవి కాబట్టి ఆక్సిజన్‌ను విరివిగా వాడుకుంటాయి, కానీ దూరపు ఫ్రీస్టైల్‌లో శరీరాన్ని ముందుకు నడిపేవి ప్రధానంగా చేతులు. తల పైకెత్తితే కాళ్ళు మునుగుతాయి, మునిగిన కాళ్ళను లేపడానికి మరింత తన్నవలసి వస్తుంది. చూపును కొలను అడుగు వైపు నిలిపితే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది.

దమ్ము పెంచుకోవాలని వేగంగా, లోతుగా వరుస శ్వాసలు తీసి నీటి అడుగున ఊపిరి బిగబట్టే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయవద్దు. ఆ శ్వాసలతో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, శరీరం ఇచ్చే హెచ్చరిక రాకముందే స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్ళు కూడా ఇలా ప్రాణాలు కోల్పోయారు.

పిక్కలు, భుజాలు

పిక్క పట్టేయడం సాధారణంగా సాధన రెండో సగంలో, గోడను బలంగా తన్నినప్పుడు జరుగుతుంది. పాదం వేళ్ళు చాపి ఉంచడం వల్ల పిక్క కండరం ముడుచుకొనే ఉంటుంది. అలసట తోడైతే అది బిగుసుకుపోతుంది. గోడ పట్టుకొని, మోకాలు నిటారుగా ఉంచి, కాలి వేళ్ళను మీ వైపు లాగి, నొప్పి సడలేదాకా పట్టుకోండి. తరువాత పుల్ బోయ్‌ను (కాళ్ళను తేల్చి ఉంచే తేలికపాటి దిమ్మను) తొడల మధ్య పెట్టుకొని చేతులతోనే ఈదుతూ, గోడను మెల్లగా మాత్రమే నెట్టండి. ఫిన్స్ (పాదాలకు తొడిగే రెక్కలు) వేసుకొని ఉంటే తీసేయండి. అదే పిక్క మళ్ళీ పట్టేస్తే ఆనాటికి చాలించడమే మేలు. పట్టు వదిలాక కూడా ఒక్క కాలి పిక్కలోనే వాపు, వేడి, నొప్పి నిలిచి ఉంటే వైద్యుడికి చూపించాలి, ఎందుకంటే రక్తనాళంలో గడ్డ కట్టినా ఇలాగే ఉంటుంది.

భుజం విషయంలో నేను కఠినంగా ఉండమంటాను. వీపు వైపు కండరాల్లో బరువుగా, వెచ్చగా ఉండే అలసట సహజమైనది, కొనసాగించవచ్చు. భుజం ముందు భాగంలోనో పైననో, చేయి ఎత్తిన ప్రతిసారీ ఒకే చోట సూటిగా పొడిచే నొప్పి అలాంటిది కాదు. దాన్ని భరిస్తూ ఈదితే వారాల తరబడి విశ్రాంతి తీసుకోవలసి రావచ్చు. అరచేతులకు ప్యాడిల్స్ (నీటిని బలంగా నెట్టేందుకు తగిలించుకునే పలకలు) ఉంటే వెంటనే తీసేయండి. చేయి తలను దాటి అవతలి వైపు నీటిలో దిగుతోందా, ఒళ్ళు ఒరగకుండా చేయి ఒక్కటే తిరుగుతోందా అని గమనించుకోండి. సరిచేశాక కూడా పొడుస్తుంటే చేతి పని ఆపి, కాళ్ళ సాధన చేయవచ్చు. అయితే కిక్‌బోర్డ్‌ను (కాళ్ళ సాధనలో పట్టుకునే తేలే పలకను) చాపిన చేతులతో పట్టుకుంటే అదే భుజం మళ్ళీ నలుగుతుంది కాబట్టి, చేతులు పక్కల ఉంచుకొని వెల్లకిలా తన్నడం మంచిది.

నీరు, గాలి, సామగ్రి

ఘాటైన వాసన వస్తే నీరు శుభ్రంగా ఉందని అనుకోవడం పొరపాటు. చెమట, మూత్రం వంటివాటితో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్లే ఆ వాసనకు, కళ్ళ మంటకు, దగ్గుకు కారణం. పైకప్పు ఉన్న, గాలి ఆడని కొలనులో ఇవి నీటి పైనే, సరిగ్గా ఈతగాడు ఊపిరి పీల్చే ఎత్తులోనే నిలుస్తాయి. ఉబ్బసం ఉన్నవారు అలాంటి రోజున బయటికి రావడానికి సంకోచించనక్కరలేదు, నిర్వాహకులకు చెప్పడం కూడా అవసరం. దిగే ముందు అందరూ ఒళ్ళు కడుక్కుంటే ఈ సమస్య బాగా తగ్గుతుంది.

పోటీల కొలనుల్లో నీరు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచుతారు. అంతకంటే చల్లగా ఉంటే సెట్ల (ఒకే దూరాన్ని కొన్నిసార్లు వరుసగా ఈదే విడతల) మధ్య గోడ దగ్గర ఎక్కువసేపు నిలబడకూడదు. ఆగని వణుకు మొదలైనా, వేళ్ళు మాట వినకపోయినా బయటికి రావాలి. 30 డిగ్రీలు దాటిన నీటిలో వేగపు సెట్లు మానుకోవాలి. నీటిలోనూ చెమట పడుతుంది, కనిపించదు కాబట్టి తాగే నీటి సీసా ఒడ్డున ఉండాలి. దిగిన కాసేపటికే మూత్రం రావడానికి నీటి ఒత్తిడే కారణం, అది సహజం; వెళ్ళివచ్చి కొనసాగించండి.

గాగుల్స్‌లోకి నీరు చేరడం వల్ల ఆగిపోయే సాధనలకు లెక్కే ఉండదు. కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా కళ్ళకు అదిమి చూడండి, ఒకటి రెండు క్షణాలైనా నిలిస్తే మీ ముఖానికి సరిపోయినట్లే. పట్టీని అతిగా బిగిస్తే కనుబొమ్మల పైన తలనొప్పి వస్తుంది. లోపలి అద్దాన్ని వేలితో రుద్దితే ఆవిరి పట్టకుండా ఉంచే పూత పోతుంది.

విసుగు, రద్దీ, సమయాభావం

శరీరం బాగానే ఉండి మనసు ఒప్పుకోని రోజులూ ఉంటాయి, వాటిని తక్కువ చేసి చూడకూడదు. లేన్‌లో మీకంటే వేగంగా ఈదేవారు వెనుక తరుముతున్నట్లు ఉంటే లేన్ మారండి, లేదా మూలలో ఆగి వారిని ముందుకు పోనివ్వండి. ప్రణాళిక లేకుండా దిగినవారికి విసుగు త్వరగా వస్తుంది. అందుకే ఇంటి దగ్గరే రెండు ప్రణాళికలు రాసుకోవాలి. 1,500 మీటర్ల ప్రణాళికలో 300 వార్మప్, 50 మీటర్లు ఎనిమిదిసార్లు, 100 మీటర్లు ఆరుసార్లు, చివర 200 నిదానపు ఈత ఉంటే, కురచదానిలో 200 వార్మప్, నాలుగు 50లు, మూడు 100లు, చివర 100 పెట్టుకొని 800 మీటర్లతో ముగించవచ్చు. కోత మధ్య సెట్లలోనే ఎక్కువగా పడాలి. ప్రమాద లక్షణాలు లేనంతవరకు చివరి నిదానపు ఈతను వదిలిపెట్టకూడదు. ఏ ప్రణాళికతో సాగాలన్నది సెట్ మధ్యలో కాక, చేస్తున్న సెట్ పూర్తయ్యాకే నిర్ణయించుకోండి.

ముందుగా ఆపిన ప్రతిసారీ తేదీ, దూరం, కారణం ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే దాన్ని కోచ్‌కో వైద్యుడికో చూపించవచ్చు. తగ్గిన దూరాన్ని మరుసటి సాధనకు కలపవద్దు. భుజం నొప్పితో ఆపినవారు వరుసగా కొన్ని సాధనలు నొప్పి లేకుండా గడిచాకే ప్యాడిల్స్ తిరిగి వాడాలి. విరేచనాలతో ఆపినవారు అవి తగ్గేవరకు కొలనులో దిగరాదు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ నీటిలో కూడా రోజుల తరబడి బతుకుతుంది కాబట్టి, పరీక్షలో అది తేలినవారు విరేచనాలు ఆగిన తరువాత మరో రెండు వారాలు దూరంగా ఉండాలి.