గుండె కణంలో కాల్షియం దారి: బొమ్మ గీసి నేర్చుకోండి

పేర్లు బట్టీ పట్టకండి. ముందు తెల్లకాగితం మీద గుండె కండర కణం ఒకటి గీసి, బయట కాల్షియం సుమారు 1 మిల్లీమోలార్, లోపల విశ్రాంతిలో 100 నానోమోలార్ అని రాయండి (ఇవి గాఢత కొలతలు; 1 మిల్లీమోలార్ అంటే 10 లక్షల నానోమోలార్). దాదాపు 10,000 రెట్ల తేడా, మిగతాదంతా దీని మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఎర్ర పెన్ను. విద్యుత్ సంకేతం రాగానే కణం పొరలోని ఎల్-టైప్ ఛానల్ (కాల్షియం లోపలికి వచ్చే ద్వారం) తెరుచుకుని కొద్దిపాటి కాల్షియం లోపలికి వస్తుంది, ఆ కొంచెమే ఎదురుగా ఉన్న రయనోడిన్ రిసెప్టర్లను, అంటే కణం లోపలి కాల్షియం గోదాము తలుపులను, తెరిపిస్తుంది, సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే ఆ గోదాములో దాచిన కాల్షియం పెద్ద మొత్తంలో ఒక్కసారిగా బయటపడి ట్రోపోనిన్‌ను (ముడుచుకోవడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్) పట్టుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, కాల్షియం వెనక్కి వెళ్లకపోతే గుండె సడలదు! నీలం పెన్నుతో గోదాము గోడ మీద సెర్కా అనే పంపు గీయండి: ఒక ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుకు 2 కాల్షియం అయాన్లను తిరిగి గోదాములోకి ఎక్కిస్తుంది. కణం పొర మీది ఎక్స్ఛేంజర్ (అయాన్లను మార్పిడి చేసే ప్రోటీన్) 3 సోడియంలను లోపలికి తీసుకుని 1 కాల్షియంను బయటికి పంపుతుంది.

బయటి కాల్షియం ఎందుకంత ముఖ్యమంటే, 1883లో బ్రిటిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ చూపించారు: లండన్ కుళాయి నీళ్లతో చేసిన ఉప్పు ద్రావణంలో కప్ప గుండె కొట్టుకుంటూనే ఉంది, డిస్టిల్డ్ నీళ్లతో చేస్తే కాసేపటికే బలహీనపడి ఆగిపోయింది. కుళాయి నీళ్లలో కాల్షియం ఉంది మరి.

బొమ్మ పూర్తయ్యాక కాగితం తిరగేసి, చూడకుండా మళ్లీ గీయండి. ప్రతి బాణం దగ్గర ఒకటే ప్రశ్న: ఇది దానంతటదే జారుతోందా, శక్తి పెట్టి తోస్తున్నామా?