గుండె కండరం, 4వ పాఠం: తేరు తాడు మళ్లీ పట్టుకుందాం

పోయిన పాఠంలో తప్పు నాదే. కండరం ఎలా లాగుతుందో చెప్పడానికి మన తిరుపతి గోవిందరాజస్వామి తేరును తెచ్చాను. తేరు కదలకపోతే తాడు దగ్గరికి ఇంకో పదిమంది వస్తారని రాశాను. అది చేతి కండరానికి సరిపోయే పోలిక. తీరా అభ్యాసంలో "మెట్లెక్కేటప్పుడు గుండె బలంగా ఎందుకు కొట్టుకుంటుంది?" అని అడిగితే, వచ్చిన జవాబులు దాదాపు అన్నీ ఒకటే: "ఎక్కువ కణాలు పనిలోకి దిగుతాయి." దిగవు. దిగడానికి ఖాళీగా కూర్చున్న కణాలు గుండెలో ఉండవు.

ఇక్కడ కాస్త ఆగండి. చెంబు ఎత్తడానికి చేతిలో కొన్ని పోగులు చాలు. నిండు బిందెకైతే మెదడు మరిన్నిటిని లేపుతుంది. గుండె కణాలు అలా కాదు. పక్కపక్క కణాల మధ్య సన్నని దారులుంటాయి. ఒకదానిలోని విద్యుత్తు రెండోదానిలోకి, దాన్నుంచి మూడోదానిలోకి పాకిపోతుంది. మీరు నిద్రపోతున్నా, అలిపిరి మెట్లెక్కుతున్నా గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందరూ తాడు పట్టుకునే ఉంటారు. కొత్తగా వచ్చేవాళ్లెవరూ లేరు.

మరి అదనపు బలం ఎక్కడిది? ఒక్కొక్కరి పట్టు నుంచి. విద్యుత్తు రాగానే బయటి నుంచి కొద్దిగా కాల్షియం కణంలోకి వస్తుంది. ఆ కొద్దిపాటి కాల్షియమే లోపలున్న పెద్ద కాల్షియం గిడ్డంగి తలుపులు తెరిపిస్తుంది. గిడ్డంగిలోంచి వచ్చినది పోగు మీదుండే ప్రోటీన్ అయిన ట్రోపోనిన్‌కు అంటుకుంటే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగు మీది అడ్డు తొలగుతుంది, మయోసిన్ అనే మరో ప్రోటీన్ తలలు దాన్ని పట్టి లాగుతాయి. విశ్రాంతిలో వచ్చే కాల్షియం ట్రోపోనిన్‌లన్నిటికీ చాలదు. గుండె దాచుకున్న బలం ఆ వెలితిలోనే ఉంది.

కాల్షియం లేకపోతే ఏమవుతుందో 1883లో ఆంగ్ల వైద్యుడు సిడ్నీ రింగర్ ప్రకటించాడు. లండన్ కొళాయి నీళ్లతో చేసిన ఉప్పు ద్రావణంలో కప్ప గుండె చక్కగా కొట్టుకుంది. స్వేదనజలంతో చేసిన ద్రావణంలో ఆగిపోయింది. కొళాయి నీళ్లలో ఉన్నది కాల్షియం. పేర్లు మరిచిపోయినా నాకు బాధ లేదు. "ఇప్పుడు కాల్షియం ఎక్కడుంది?" అని అడుగుతూ ఉండండి, చాలు.

పట్టు పెరిగే దారులు ముఖ్యంగా రెండు. గుండె గదిలోకి రక్తం ఎక్కువ వస్తే కణం సాగుతుంది. సాగిన పోగులు అంతే కాల్షియంతో మరింత గట్టిగా లాగుతాయి. శాస్త్రవేత్తలైన ఫ్రాంక్, స్టార్లింగ్‌ల పేర్లతో పుస్తకాల్లో ఉండేది ఇదే. రెండోది అడ్రినలిన్ అనే హార్మోను. అది కాల్షియం మోతాదునే పెంచుతుంది. పైగా కాల్షియాన్ని తిరిగి గిడ్డంగిలోకి తోడే పంపును వేగిరపరుస్తుంది. వేగంగా కొట్టుకునే గుండె వేగంగా సడలకపోతే రక్తం నిండేదెప్పుడు?

అభ్యాసం: ఐదు నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి. లేచి నిలబడి ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టండి. (తల తిరిగే అలవాటున్నవాళ్లు వద్దు.) రెండుసార్లూ పూర్తి నిమిషం. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసేవాళ్లను నేను పట్టేస్తాను. నిలబడినప్పుడు కొంత రక్తం కాళ్లలో ఆగుతుంది. అప్పుడు పై రెండు దారుల్లో ఏది తగ్గింది, ఏది పెరిగింది? ఐదు వాక్యాల్లో రాయండి. "ఎక్కువ కణాలు" అన్న మాట కనబడితే మిగతాది చదవను.