పరిశోధన పత్రిక సంపాదకత్వం నుంచి తప్పుకునేటప్పుడు బాధ్యతలు అప్పగించడం ఎలా?

పరిశోధన పత్రికకు ఏళ్ల తరబడి సంపాదకత్వం వహించినవారికి రాజీనామా లేఖ రాయడం ఒక పూట పని. చేతిలో ఉన్న వ్యాసాలను, నోటితో ఇచ్చిన మాటలను మరొకరికి ఒప్పజెప్పడానికి మాత్రం ఏడాదైనా పడుతుంది. కాబట్టి ముందుగా తప్పుకునే తేదీని కాక, చివరి సంచికను నిర్ణయించుకోవాలి. ఫలానా సంచికతో నా బాధ్యత ముగుస్తుందని ఏడాది ముందే నిర్వాహక సంఘానికి రాతపూర్వకంగా తెలియజేస్తే, కొత్త సంపాదకులు కనీసం ఒక సంచిక పనినైనా మీ పక్కన కూర్చుని చూడగలుగుతారు. మా గోదావరి డెల్టాలో అయితే అప్పగింతను వేసవిలో, కాలువలు కట్టేసిన రోజుల్లో పెట్టుకోవడం మేలు. వరదల కాలం వచ్చిందంటే లంక గ్రామాల సభ్యులు రాజమహేంద్రవరం చేరడం కష్టం, ఆ చెమ్మలో పాత దస్త్రాలను కట్టలు విప్పి పరచడం అంతకన్నా తప్పు.

తరువాతి పని వ్యాసాల లెక్క తేల్చడం. అంగీకరించినా ఇంకా అచ్చు కానివి, సమీక్షకుల (అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించే విషయ నిపుణుల) దగ్గర ఉన్నవి, సవరణ కోసం రచయితలకు తిరిగి వెళ్లినవి, ఎవరూ తెరిచి చూడనివి అని విడదీసి, ఒక్కొక్కదానికి వచ్చిన తేదీ, ప్రస్తుత స్థితి, రచయితకు మీరిచ్చిన హామీ రిజిస్టరులో రాయాలి. ఈ హామీల గడిని ఎవరూ పెట్టుకోరు, నేనూ పెట్టుకోలేదు. "వచ్చే సంచికలో వేద్దాం లెండి" అని ఫోనులో అన్నమాట రచయితకు శిలాశాసనం, మనకు మరునాటికే గుర్తుండదు. చివరి ఏడాదిలో పాత డైరీలు తిరగేస్తే, కాలువ నీటి పంపకాల మీద ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు రాసిన వ్యాసం మూడేళ్లుగా నా బల్ల సొరుగులోనే ఉన్నట్లు తేలింది. ఆయనకు క్షమాపణ లేఖ రాసి, ఆ వ్యాసాన్ని ఆ వారంలోనే సమీక్షకు పంపాను.

అంగీకార పత్రం అందుకున్న రచయితలు సంపాదకులు మారారని ఆందోళన చెందడం సహజం. ప్రచురణ నైతికత కోసం 1997లో బ్రిటన్‌లో మొదలైన కోప్ సంస్థ నియమావళి ప్రకారం, తీవ్రమైన లోపం బయటపడితే తప్ప పాత సంపాదకుల అంగీకారాన్ని కొత్తవారు రద్దు చేయకూడదు. ఆ సంగతి చెబుతూ ప్రతి రచయితకూ ఒక లేఖ పంపాలి. చివరి సంచిక కదా అని మిత్రుల వ్యాసాలను వరుస తప్పించి ఎక్కించవద్దు. సమీక్షకుల పేర్లున్న దస్త్రాన్ని కొత్త సంపాదకుల చేతికే ఇచ్చి, ఇంట్లో నకలు ఉంచుకోకూడదు.

ఇక కార్యాలయ వ్యవహారాలు. సంపాదకులు మారినంత మాత్రాన ఐఎస్ఎస్ఎన్, అంటే పత్రికను గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, మారదు. 1867 నాటి చట్టం స్థానంలో 2024 మార్చి 1న అమల్లోకి వచ్చిన నియతకాలికల నమోదు చట్టం శాస్త్ర, విద్యావిషయక పత్రికలను తన పరిధిలోకి తీసుకోలేదు. నిజమైన చిక్కు ఓటీపీలతో వస్తుంది. పత్రిక మెయిలుకు, వెబ్‌సైటుకు, బ్యాంకు ఖాతాకు మీ సొంత ఫోను నంబరే ఇచ్చి ఉంటే, మీరు నిద్రపోతున్న వేళ కొత్తవారి పని ఆగిపోతుంది. బ్యాంకులో సంతకాలు మార్చడానికి సంఘం తీర్మానం నకలు కావలసి రావచ్చు కనుక దాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. ప్రెస్సువారికి, బైండింగువారికి ఉన్న బాకీలను మీ హయాంలోనే తీర్చండి.

పాత సంపుటాల పూర్తి సెట్టు ఒకటి కార్యాలయానికి, మరొకటి గౌతమీ గ్రంథాలయం వంటి చోటికి చేరాలి. రాజమహేంద్రవరంలో 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికను మా తరం చదవగలిగిందంటే, దాని సంపుటాలను గ్రంథాలయాలు దాచి ఉంచడమే కారణం. కార్యాలయపు సెట్టును నేలమీది ట్రంకుపెట్టెలో కాక, గోడకు ఆనని ఎత్తైన అరలో పెట్టించండి. చెదలు గోడ వెంబడే ఎక్కుతాయి.

వీడ్కోలు సంపాదకీయం అర పేజీకి మించకపోతే బాగుంటుంది. ఆ తరువాత కూడా కొంతకాలం వ్యాసాలు మీ ఇంటి చిరునామాకే వస్తూంటాయి. వాటిని విప్పకుండా, కవరు మీద అందిన తేదీ మాత్రం వేసి, కొత్త సంపాదకులకు పంపండి.