చుట్టరికాల పట్టిక చిన్నదవ్వాలంటే

10,000 మంది జన్యు డేటాలో ఎవరు ఎవరికి బంధువో చూడాలంటే దాదాపు 5 కోట్ల జతలు. పట్టిక మొత్తం రాయిస్తే ఫైల్ చాలా పెద్దదవుతుంది, తెరవబోతే కంప్యూటర్ మొరాయిస్తుంది.

జన్యు డేటాని విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ప్లింక్ 2లో, బంధుత్వ పట్టిక రాసే మేక్-కింగ్-టేబుల్ ఆదేశం ఇచ్చేటప్పుడే పక్కన కింగ్-టేబుల్-ఫిల్టర్ 0.0884 అని పెట్టండి. ఇద్దరి చుట్టరికం ఎంత దగ్గరో చెప్పే అంకె ఇది; పెరిగేకొద్దీ బంధుత్వం దగ్గరిది. ఇలా పెడితే దగ్గరి బంధువుల జతలే ఫైల్లోకి వస్తాయి. 0.354 దాటితే ఒకే శాంపిల్ రెండుసార్లు వచ్చినట్టు, లేదా ఒకే పోలిక కవలలు. 0.177 నుంచి 0.354 మధ్య ఉంటే తల్లీబిడ్డలో, తోబుట్టువులో. అంతకన్నా తక్కువైతే తాతామనవలు, మేనమామ-మేనకోడలు లాంటివారు. దీనికి ముందు ఎల్‌డీ ప్రూనింగ్ (ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే జన్యు గుర్తుల్ని ఏరేయడం) అక్కర్లేదు, ఆ పనీ తప్పుతుంది. కనిపించిన బంధువులందరినీ తీసేయకండి, అంత కష్టపడి సేకరించిన రక్త నమూనాలు! డూప్లికేట్ జతల్లో ఒకదాన్ని మాత్రం తీసేసి, మిగతావారిని మిక్స్‌డ్ మోడల్‌కి (బంధుత్వాన్ని కూడా లెక్కలోకి తీసుకునే గణాంక పద్ధతికి) ఇవ్వొచ్చు.

ఒక్క జాగ్రత్త. మన దగ్గరలా మేనరికాలు ఎక్కువున్న కుటుంబాల్లో ఇద్దరి మధ్య రెండు మూడు వైపుల నుంచి చుట్టరికం ఉంటుంది. అక్కడ ఈ అంకెల్ని బట్టి వరస తేల్చకండి, వంశవృక్షంతో సరిచూడాల్సిందే.