సుద్దముక్క ఎక్కడ?
ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఇంగ్లీషులో ఇన్, ఆన్, అండర్ అనే మాటలు బోర్డు మీద రాసి వల్లె వేయిస్తే బుర్రకెక్కదండీ, ఒక సుద్దముక్క దాచి చూడండి. ఒకరిని గుమ్మం బయట నిలబెడితే మిగతావాళ్ళు దాన్ని ఏ బెంచీ కిందో, ఎవరి బ్యాగులోనో పెట్టేస్తారు. బయటి పిల్ల లోపలికొచ్చి 'ఈజ్ ఇట్ అండర్ ద బెంచ్?' అని అడగాలి, అక్కడ లేకపోతే క్లాసంతా 'నో!' అని అరవాలి (పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పుకోండి). ఐదు ప్రశ్నల్లో దొరక్కపోతే దాచినవాళ్ళదే గెలుపు.

మొదట్లో చాలామంది 'బెంచ్ అండర్' అనేస్తారు, ఎందుకంటే మనం 'బెంచీ కింద' అంటాం, ఆ 'కింద' తెలుగులో వెనకొస్తుంది, ఇంగ్లీషులో ముందుకొస్తుంది. తప్పు అని ఆపారంటే ఆట అక్కడే చల్లారిపోతుంది. 'అండర్ ద బెంచ్? నో, నో!' అని మీరే సరిచేసి తిప్పి అనండి, వినగా వినగా వాళ్ళే మార్చుకుంటారు.

అన్నట్టు, మొదటి రెండుసార్లు మీరే బయటికెళ్ళండి. టీచర్ బెంచీల కింద వంగి వెతుక్కుంటుంటే వాళ్ళకి భలే సరదా, ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు కూడా 'నో' అని గట్టిగా అరుస్తాడు.