అమెరికా ట్యాక్స్‌లో మీ సాఫ్ట్‌వేర్ పని ఆర్ అండ్ డీ అవుతుందా? ఇలా చూసుకోండి

అమెరికాలో కంపెనీ పెట్టి, కోడింగ్ కొంత అక్కడా కొంత హైదరాబాద్‌లోనూ చేయించే మనవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది, ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) అనే ఒక్క మాట కింద రెండు వేరు లెక్కలున్నాయని. ఒకటి ఖర్చు లెక్క, అంటే ఖర్చును ఆదాయంలోంచి తీసేసుకోవడం, ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 174. రెండోది క్రెడిట్, అంటే కట్టాల్సిన ట్యాక్స్‌లోంచే నేరుగా తగ్గే మొత్తం, సెక్షన్ 41.

ఖర్చు లెక్కలో వాదనకు చోటు లేదు. సాఫ్ట్‌వేర్ తయారీ అంటే రీసెర్చ్ ఖర్చే అని 2022 నుంచి చట్టమే చెబుతోంది. 2025 నుంచి అమెరికాలో చేసిన పని ఖర్చు మొత్తం ఆ ఏడాదే తీసేసుకోవచ్చు, కానీ బయటి దేశంలో చేసింది 15 ఏళ్ళకు పరచాలి. అంటే మీ ప్రొడక్ట్ తయారీకి హైదరాబాద్ టీమ్‌కు 1,50,000 డాలర్లు పంపితే మొదటి ఏడాది ఆదాయంలోంచి తగ్గేది 5,000 మాత్రమే, ఎందుకంటే ఆ ఏడాది సగమే లెక్క. చేతిలో డబ్బు లేకుండానే లాభం కనిపించి ట్యాక్స్ పడుతుంది, కాబట్టి టీమ్ ఎక్కడుండాలో తేల్చుకునే ముందే ఈ లెక్క వేయండి.

క్రెడిట్ అంత తేలిగ్గా రాదు, హైదరాబాద్ పనికైతే అసలే రాదు. కంపెనీ మొత్తాన్ని కాకుండా ఒక్కో ప్రాజెక్టును తీసుకుని అడగండి: కొత్తదో, మెరుగైనదో తయారు చేస్తున్నామా? ఎలా చేయాలో మొదట్లో నిజంగా తెలియదా? ఆ చిక్కు కంప్యూటర్ సైన్స్‌కు సంబంధించిందేనా? రెండు మూడు దారులు పరీక్షించి చూశామా? అన్నిటికీ అవునంటేనే ముందుకెళ్ళండి. అమ్మకానికి వెళ్ళిపోయిన ప్రొడక్ట్‌లో మామూలు బగ్ ఫిక్సింగ్, ఉన్నదాన్నే ఒక క్లయింట్‌కు సర్దివ్వడం క్రెడిట్‌కు రావు. మీ సొంత పేరోల్, హెచ్‌ఆర్ కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్‌కు పరీక్ష ఇంకా కఠినం.

మన కన్సల్టింగ్ కంపెనీలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. గంటల లెక్కన బిల్లు వేసి, పని ఫలించినా ఫలించకపోయినా డబ్బు వచ్చేట్టయితే రిస్క్ క్లయింట్‌దే, మీకు క్రెడిట్ ఉండదు. ఫిక్స్‌డ్ ధర ఒప్పుకుని, ఫలిస్తేనే డబ్బు అన్న షరతుతో, కోడ్ వాడుకునే హక్కు మీ దగ్గరా ఉంచుకుంటే అడగొచ్చు, అందుకని కాంట్రాక్టు తీసి ఆ క్లాజులు చదవండి. మీరే అమెరికాలో బయటి కాంట్రాక్టర్‌తో చేయించుకుంటే సాధారణంగా ఇచ్చినదాంట్లో 65 శాతమే లెక్కకొస్తుంది.

రుజువులు పని జరుగుతున్నప్పుడే దాచండి. జిరా టికెట్లు (పనుల జాబితా), గిట్ కమిట్లు (కోడ్ మార్పుల రికార్డు), ఏ దారి ఎందుకు వదిలేశామో రాసిన నోట్స్, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసినదానికి ఐఆర్‌ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) దగ్గర బలం తక్కువ. వచ్చే క్రెడిట్‌లో వాటా తీసుకుంటామంటూ వెంటపడే ఏజెంట్లకంటే ఈ పని తెలిసిన సీపీఏ (లైసెన్సున్న అమెరికా అకౌంటెంట్) మేలు.

కొత్త కంపెనీ అయితే, ఆదాయం 50 లక్షల డాలర్ల లోపు ఉండి, అమ్మకాలు మొదలై ఐదేళ్ళు దాటకపోతే, ఏడాదికి 5 లక్షల డాలర్ల దాకా క్రెడిట్‌ను పేరోల్ ట్యాక్స్‌లో (ఉద్యోగుల జీతాలపై కంపెనీ కట్టే ట్యాక్స్) తగ్గించుకోవచ్చు. అయితే ఆ సంగతి గడువులోపు వేసే అసలు రిటర్న్‌లోనే, ఫారం 6765లో, చెప్పాలి. తర్వాత సవరణ రిటర్న్ వేసి అడిగితే ఇవ్వరు.