స్విఫ్ట్‌కి వెడల్పు చక్రాలు వేస్తే వెనక మడ్‌గార్డ్‌కి రాసుకోకుండా చూసుకోవడం ఎలా

అలాయ్‌లు వేయించుకుని షాపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఏ బండీ రాసుకోదు. ఖాళీ బండి కదా. ఆదివారం అమ్మానాన్నల్ని, పిల్లల్ని ఎక్కించుకుని, ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తా డిక్కీలో పడేసి, స్పీడ్ బ్రేకర్ దిగామో లేదో వెనక నుంచి బర్ర్‌మని సౌండ్. నాకూ అలాగే తెలిసింది, దిగి చూస్తే టైర్ భుజం (ట్రెడ్డు అయిపోయి పక్కగోడ మొదలయ్యే అంచు) మీద చుట్టూ ఒకటే గీత. షాపతనికి ఫోన్ చేస్తే "కొత్త టైర్ కదన్నా, కొంచెం అరిగితే అదే సర్దుకుంటది" అన్నాడు. రోడ్డు మీద అరిగేది ట్రెడ్డు, మడ్‌గార్డ్‌కి తగిలేది భుజం, ఇక అది ఎలా సర్దుకుంటుందో అతనికే తెలియాలి.

ముందు సైజు సంగతి. 185/65 ఆర్15 అంటే వెడల్పు 185 ఎంఎం, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ 15 అంగుళాలు. 2018లో వచ్చిన స్విఫ్ట్‌కి కింది వేరియంట్లలో 165/80 ఆర్14, జెడ్‌ఎక్స్‌ఐలో 185/65 ఆర్15 వచ్చేవి. 185/65 ఆర్15 మొత్తం ఎత్తు 621 ఎంఎం చిల్లర. 195/55 ఆర్16 కూడా దాదాపు అంతే, 621. అదే 205/55 ఆర్16 అయితే 632, అంటే వెడల్పూ పెరిగింది, పైకీ ఐదారు ఎంఎం పెరిగింది, రెండు వైపులా దెబ్బ. కాబట్టి నన్నడిగితే 195/55 ఆర్16 దగ్గర ఆగిపోండి. ఒక్కటి చూసుకోండి, స్టాక్ 185/65 ఆర్15 టైర్ మీద లోడ్ ఇండెక్స్ 88 ఉంటుంది, అంటే ఒక్కో టైర్ మోయగలిగేది 560 కిలోలు, 195/55 ఆర్16లో మామూలుగా దొరికేది 87, అది 545 కిలోలే. ఎప్పుడూ ఫుల్లుగా తిరిగే బండి అయితే 91 ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అడిగి తీసుకోండి.

చాలామంది టైర్ వెడల్పు చూస్తారు గానీ రాసుకుంటుందా లేదా అని అసలు తేల్చేది రిమ్ ఆఫ్‌సెట్, అలాయ్ వెనక ఈటీ అని పోసి ఉండే నంబర్. చక్రం బిగించే హబ్‌కి ఆనే ముఖం రిమ్ నడిమధ్య నుంచి ఎన్ని ఎంఎం బయటికి ఉందో అదే ఈటీ, అది తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. లెక్క ఈజీనే. పాత రిమ్ 5.5జె (అంటే 5.5 అంగుళాల వెడల్పు) ఈటీ45 అనుకోండి, మీది ఎంతో రిమ్ వెనక చదువుకోండి. షాపులో 7జె ఈటీ35 చూపిస్తారు, చూడ్డానికి బాగా బయటికొచ్చి అదిరిపోతుంది. కానీ వెడల్పు పెరిగినదాంట్లో సగం, అంటే 19 ఎంఎం, బయటికొస్తుంది, ఈటీ 10 తగ్గింది కాబట్టి ఇంకో 10, మొత్తం 29 ఎంఎం బయటికి. స్విఫ్ట్ వెనక అంత ఖాళీ ఎక్కడుంది? అదే 6.5జె ఈటీ45 అయితే బయటికి 13, లోపలికి 13, అంతే. 195 టైర్‌కి 6 లేదా 6.5జె రిమ్ చాలు. పీసీడీ 4x100, అంటే 100 ఎంఎం వలయం మీద నాలుగు నట్లు, మధ్య బొక్క 54.1 ఎంఎం, బయట అలాయ్‌లకి ఈ బొక్క పెద్దగా ఉంటుంది కాబట్టి ఆ సందు నింపే హబ్ రింగులు వేయించండి, లేకపోతే 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, మీరేమో బ్యాలెన్సింగ్ చేయించీ చేయించీ విసిగిపోతారు.

కొనేముందే కొలవండి, అదీ బండి లోడ్ మీద ఉన్నప్పుడు. సమంగా ఉన్న నేల మీద ఆపి, వెనక ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో బరువేసి, మడ్‌గార్డ్ అంచు నుంచి దారానికి నట్టు కట్టి వేలాడదీయండి. దారానికీ ఇప్పుడున్న టైర్ భుజానికీ మధ్య ఎంతుందో అదే మీ బయటి ఖాళీ. లోపలి వైపు షాక్ అబ్జార్బర్‌కి, ఏబీఎస్ వైరుకి ఎంత దూరం ఉందో చేత్తో తడిమి చూడండి. కొత్త చక్రం పడ్డాక కూడా బయట 8-10, లోపల 5-6 ఎంఎం మిగలాలి, ఎందుకంటే మలుపులో బాడీ పక్కకి ఒరుగుతుంది, సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు కూడా కొంచెం జరుగుతాయి. రెండు పక్కలా కొలవండి, ఒక పక్క తక్కువ రావడం మామూలే.

ఫిట్ చేశాక నేను చేసే టెస్ట్ చెప్తే మా ఇంట్లో నవ్వుతారు, చపాతీ పిండి. గట్టిగా కలిపి, మడ్‌గార్డ్ అంచు లోపల వేలు మందంగా అతికించి, టైర్ భుజం మీద సుద్దముక్కతో గీతలు గీసి, ఫుల్ లోడ్‌తో స్పీడ్ బ్రేకర్ మీద ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కేలా నెమ్మదిగా నడపండి. పిండి ఎక్కడ నలిగిందో, గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడే సమస్య.

ఎక్కువసార్లు తగిలేది రేకు కాదు, వెనక బంపర్ వీల్ ఆర్చ్‌తో కలిసే మూల, అక్కడి స్క్రూ, లోపలి ప్లాస్టిక్ లైనర్. ఇవైతే పది నిమిషాల పని, స్క్రూ తల చిన్నది వేసి లైనర్‌ని వెనక్కి నొక్కి బిగిస్తే సరి. రేకుకే తగులుతుంటే అంచు మడత పెట్టించాలి, ఇక్కడ తొందరపడకండి. ముందువైపు మడ్‌గార్డ్ అయితే బోల్టులు విప్పి మార్చేయొచ్చు, వెనకది బాడీకి వెల్డింగ్ అయిన ప్యానెల్, పాడైతే కోసి అతికించాల్సిందే. సుత్తి పట్టుకొచ్చిన డెంటింగ్ మేస్త్రిని దండం పెట్టి పంపించేయండి, హబ్‌కి బిగించి అంచుని మడిచే రోలర్ ఉన్నవాడి దగ్గరికి వెళ్లండి. హీట్ గన్‌తో పెయింట్ చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, ఒకేసారి నొక్కకుండా పది పన్నెండు సార్లు కొంచెం కొంచెంగా తిప్పాలి. తర్వాత లోపలి సీలెంట్ చిట్లిన చోట మళ్లీ వేయించండి, లేదంటే రెండు వర్షాకాలాలకి తుప్పు.

లోపల షాక్‌కి తగులుతుంటే హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే పలక, 3 ఎంఎం స్పేసర్ వేయొచ్చు, కానీ నట్టు తొమ్మిది పది చుట్లు పట్టాలి, పట్టకపోతే వద్దు. స్ప్రింగ్ మధ్య పెట్టే రబ్బరు బఫర్లతో బండి తక్కువ కుంగుతుంది నిజమే, కానీ నాకు నచ్చదు. స్విఫ్ట్ వెనక ఉండేది రెండు చక్రాల్నీ కలిపే టార్షన్ బీమ్, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం) అడ్జస్ట్‌మెంట్ ఉండదు, "అలైన్‌మెంట్‌లో సెట్ చేస్తా" అంటే నమ్మకండి.

వెనక రెండింటికే వెడల్పువి వేద్దామా అని అడిగేవాళ్లుంటారు. ఇది ముందు చక్రాలు లాగే బండి, వెనక పట్టు పెంచితే మలుపులో ముందు భాగం ఇంకా బయటికి జారుతుంది, పైగా టైర్లు ముందూ వెనకా మార్చుకోలేరు. నాలుగూ ఒకటే వేయండి. టైర్ బాడీ బయటికి పొడుచుకు రాకూడదు, బండిలో చేసే మార్పుల మీద మోటార్ వాహనాల చట్టం 52 సెక్షన్ ఉంది, క్లెయిమ్ అప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లూ అడగొచ్చు, పాత రిమ్ములు మాత్రం అమ్మేయకండి.

వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించి, సుద్ద గీతలు ఇంకోసారి గీసి చూడండి. వర్షంలో మాత్రం చూడకండి, నేను చూశా, సుద్ద మొత్తం కడిగేసుకుపోయింది.